జాలీలోంచి వెచ్చటి గాలి

"నేను చంపలేదు మేడమ్. నేను బాగుచేశాను."

నేలు త్రిఫాన్ ఇందాకటి నుంచీ అదే మాట చెబుతున్నాడు. స్టేషన్ లాకప్ పక్క గదిలో ఇనపబల్లకి అవతల కూర్చుని, మసి ఇంకిపోయిన గోళ్లతో బల్ల అంచు గీరుతున్నాడు. బ్రాషోవ్‌లో సగం వంటిళ్లలో ఇల్లు వెచ్చబెట్టే గ్యాస్ బాయిలర్లు అతని చేతి మీదుగా వెళ్లినవే. నాలుగు గంటలకి అతన్ని జడ్జి ముందు నిలబెడతారు. జడ్జి తలూపితే రిమాండు. నిర్లక్ష్యంతో మనిషి ప్రాణం తీశాడన్న కేసు. ఇక ఈ ఊళ్లో అతన్ని గడప తొక్కనిచ్చే ఇల్లు ఉండదు.

అతని లాయరు పంపితే వచ్చిన ప్రైవేటు డిటెక్టివ్ ఇలింకా రుసాన్ గడియారం చూసుకుంది. ఒంటిగంట దాటింది.

"నువ్వు బాగుచేసిన రాత్రే ఆ ఇంటి ముసలాయన దోబ్రే పోయాడు," అంది. "రక్తంలో కార్బన్ మోనాక్సైడ్. జడ్జికి ఇంకేం కావాలి? మొదటినుంచీ చెప్పు. ఏం చూశావు, ఏం ముట్టుకున్నావు?"

"బర్నర్ విప్పి బ్రష్ కొట్టాను. మసి లేదు. మంట నీలంగా ఉంది. పొగకి మీటరు పెట్టి చూశాను, విషవాయువు ఉండొచ్చన్న హద్దుకంటే తక్కువే ఉంది. నీళ్ల ప్రెషర్ ఒకటిన్నరకి తెచ్చాను. పొగగొట్టం గోడలోంచి సూటిగా బయటికే పోతోంది. అడ్డం లేదు."

"చెడిపోయిన బాయిలర్‌ని ఎలా పసిగడతావు?"

"అది దాచుకోదు మేడమ్. మంట పసుప్పచ్చగా తిరిగి ఊగులాడుతుంది. మూత చుట్టూ మసి పడుతుంది. వంటింటి అద్దాలు చెమర్చి నీళ్లు కారతాయి. ఇంట్లోవాళ్లకి తలపోటు ఉంటుంది, బజారుకెళ్తే తగ్గిపోతుంది, ఇంటికొస్తే మళ్లీ మొదలు. వీటిల్లో ఒక్కటి కనబడినా గ్యాస్ కట్టేసి గానీ కదలను. ఆయనింట్లో ఒక్కటీ లేదు."

"ఇంకేం చేశావు?"

నేలు గీరడం ఆపాడు.

"వంటింట్లో పైన గాలి జాలీ ఉంటుంది కదా, దాంట్లో కుక్కిన గుడ్డ పీకేశాను. పాత స్వెటర్ చెయ్యి. పెద్దాయన గోల పెట్టాడు. మెడ పట్టేస్తుంది, చెవిపోటొస్తుంది, మా అమ్మ ఇలా గాలి సోకే పోయింది అన్నాడు. 'గాలి వచ్చి ఎవరూ పోరు సార్, గాలి లేకే పోతారు' అన్నాను. మళ్లీ కుక్కుతాడేమోనని ఆ స్వెటర్ చెయ్యి నా సంచిలో వేసుకుని వచ్చేశాను."

"అంతేనా?"

"అంతే. తప్పా?"

తప్పు కాదు. ఇలింకా వంటింటి జాలీలో కూడా పాత తువ్వాలు ఉంది. వాళ్లమ్మ కుక్కింది. ఇలింకా తియ్యలేదు. ఈ దేశంలో దేవుణ్ణి నమ్మనివాళ్లు దొరుకుతారు గానీ, ఇంట్లో గాలి సోకితే మనిషి మంచాన పడతాడన్నది నమ్మనివాళ్లు దొరకరు.

దోబ్రే ఉండేది నాలుగంతస్తుల పాత భవనంలో, రెండో అంతస్తు. మెట్ల దగ్గర ఎదురొచ్చినవాడు కోస్తిన్ మంతా. ఆ మెట్ల మీది కాపురాలన్నిటి సంఘానికి అధ్యక్షుడు. దోబ్రేకి సరిగ్గా కింద, మొదటి అంతస్తులో ఉంటాడు. నున్నగా గీసిన గడ్డం, ఉన్ని కోటు, చేతిలో తాళాల గుత్తి.

"ముందు ఆ వీధి తలుపు వేసెయ్యండి మేడమ్, గాలి కొడుతోంది," అన్నాడు. "పాపం దోబ్రే గారు. ఆ త్రిఫాన్‌ని పిలవొద్దని చెప్పాను. నోటికున్నంత పని చేతికి లేదు వాడికి."

"మీ బాయిలర్ ఎవరు చూస్తారు?"

"నాది బంగారం మేడమ్. పదేళ్లయింది. ఒక్కసారి కూడా మూత తియ్యాల్సిన అవసరం రాలేదు."

గర్వంగానే చెప్పి, పైకి దారి చూపించి వెళ్లిపోయాడు.

దోబ్రే ఇంట్లో, చావింటి ఆచారం ప్రకారం, మొహం చూసుకునే అద్దాల మీద గుడ్డలు కప్పి ఉన్నాయి. కిటికీలన్నీ బిగించి ఉన్నాయి. వంటింట్లో చనిపోయినవాడి అక్క పరస్కీవా కూర్చుని, కర్మకాండ రోజున పంచే కోలివా కోసం గోధుమలు ఏరుతోంది. పక్కన అల్మరా మీద తమ్ముడి పేరున సన్నటి మైనపువత్తి వెలుగుతోంది. వంటింటి మధ్యలో, కాళ్లకి అడ్డంగా ఒక మడత మంచం.

"ఇది ఇక్కడెందుకుంది పెద్దమ్మా?"

"వాడే తెచ్చుకున్నాడు తల్లీ. ఎప్పుడూ ముందుగదిలో ఉండేది. ఇందులోనే పోయాడు." ఆమె నుదురు రుద్దుకుంది. "కళ్లు మూతలు పడిపోతున్నాయి. పొద్దున్నుంచీ ఏడ్చీ ఏడ్చీ తల బద్దలైపోతోంది."

"బాయిలర్ వెచ్చదనానికి దగ్గరగా జరిగాడు. అదే మింగేసింది," అన్నాడు వెనకనుంచి ఒక గొంతు. "ఇందులో డిటెక్షన్ ఏముంది, ఇలింకా?"

ఇన్‌స్పెక్టర్ హోరియా బెజాన్ గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. ఎనిమిదేళ్లు ఒకే గదిలో పక్కపక్క బల్లల మీద పనిచేశారు ఇద్దరూ. ఆమె రాజీనామా ఇచ్చిన రోజు అతను స్టేషనంతటికీ కేకు పంచాడు.

"ఉద్యోగం మానేశావు గానీ నా కేసుల్లో వేలు పెట్టడం మానలేదు," అన్నాడు.

"నువ్వు కేసులు సగంలో వదిలెయ్యడం మానితే నేనూ మానేస్తాను. శవం ఒంటి మీద ఏముంది?"

"రిపోర్టు చదవలేదా?"

"చదివాను. నువ్వు చదివావో లేదో అని. ఓవర్‌కోటు, ఉన్ని టోపీ, ఒకదాని మీద ఒకటి రెండు జతల మేజోళ్లు. పైన రెండు రజాయిలు. మండుతున్న బాయిలర్ పక్కన ఎవరైనా అలా పడుకుంటారా?"

"ముసలాళ్లు. మా నాన్న జూలైలో కూడా బనీను మీద బనీను వేస్తాడు."

ఇలింకా బాయిలర్ కింద మోకాళ్ల మీద కూర్చుని తల పైకెత్తింది. అడుగున రూపాయి బిళ్లంత గుండ్రటి అద్దం, అందులో ఒక ముల్లు.

"ఇలా రా. వంగి చూడు. బొజ్జ అడ్డొస్తే పడుకో."

బెజాన్ వంగాడు.

"ప్రెషర్ ముల్లు," అన్నాడు. "సున్నా మీద ఉంది. అయితే?"

"నేలు ఒకటిన్నరలో పెట్టి వెళ్లాడు. లోపల నీళ్లు లేకపోతే బాయిలర్ వెలగదు, బెజాన్. వెలిగితే మాడిపోతుందని, తయారుచేసినవాళ్లే అలా కట్టడి చేసి పెడతారు."

"తలుపు పగలగొట్టిన ఫైర్ వాళ్లు వదిలేసి ఉంటారు నీళ్లు."

"ఫోన్ చేసి అడుగు."

అడిగాడు. నాలుగు మాటలు విని ఫోన్ పెట్టేశాడు. "గ్యాస్ కట్టేశారట. కిటికీలు తీశారట. నీళ్ల జోలికి పోలేదట."

ఇలింకా అప్పటికే ముందుగదిలో ఉంది. బాయిలర్ వేడినీళ్లతో గది వెచ్చబెట్టే రేడియేటర్ చివర నేల మీద చారుగిన్నె. గిన్నె నిండా సిరాలాంటి నల్లటి నీళ్లు. పక్కన రేడియేటర్ మర తిప్పే చిన్న ఇత్తడి తాళంచెవి.

"రేడియేటర్ గడగడమని ఉంటుంది. లోపల చేరిన గాలి తీద్దామని మర తిప్పాడు. గాలితో పాటు నీళ్లూ పోయాయి. తిరిగి నింపాలన్న సంగతి ఆయనకి తెలీదు. బాయిలర్ ఆగిపోయింది, ఇల్లు చల్లబడిపోయింది. అదీ ఓవర్‌కోటు కథ. ఆ రాత్రి ఈ బాయిలర్ వెలగనే లేదు."

బెజాన్ గిన్నె కేసి చూశాడు.

"బావుంది. మరి విషం ఆకాశంలోంచి పడిందా? ఆయన రక్తంలో ఉంది. తలుపు పగలగొట్టగానే ఫైర్ వాళ్ల మీటరు కూతలు పెట్టింది. చల్లారిన పొయ్యి పొగ కక్కిందంటావా?"

"పక్క ఫ్లాట్లు చూశారా?"

"నన్ను మరీ అంత దద్దమ్మ అనుకోకు. కింద మంతా ఇల్లు, పైన రెండు ఇళ్లు, అన్నీ కొలిపించాను. ఎక్కడా చుక్క లేదు. ఈ ఒక్క వంటింట్లోనే ఉంది. ఈ వంటింటిని చివరగా ముట్టుకున్నవాడు త్రిఫాన్."

ఇలింకా మళ్లీ వంటింట్లోకి నడిచి ముసలామె ఎదురుగా కూర్చుంది.

"పెద్దమ్మా, ఆ రాత్రి తమ్ముడు మీతో మాట్లాడాడా?"

"పడుకోబోయే ముందు ఫోన్ చేశాడు."

"ఈ సంగతి నాకు చెప్పలేదే," అన్నాడు బెజాన్.

"నువ్వడిగితే కదా బాబూ. సంతకం పెట్టు అన్నావు, పెట్టాను."

"ఏమన్నాడు?" అంది ఇలింకా.

"ఏమంటాడు, జాలీ గొడవే. గుడ్డ ఎత్తుకుపోయినవాడి ఏడు తరాల్నీ తిట్టాడు. ఇంకో గుడ్డ కుక్కరా, గాలి సోకుతుంది అన్నాను." ముసలామె ఒక మట్టిబెడ్డ ఏరి పక్కన పడేసింది. "ముందు అలాగే అనుకున్నాను, ఇప్పుడొద్దులే అక్కా అన్నాడు. ఇల్లంతా మంచుగడ్డలా ఉంది గానీ, జాలీలోంచి మాత్రం గాలి వెచ్చగా వస్తోంది, మొహానికి హాయిగా ఉంది, మంచం దాని కిందికి లాక్కుంటున్నాను అన్నాడు."



ఇలింకా మెల్లగా తల ఎత్తింది. మంచం తలవైపు బాయిలర్ లేదు. బాయిలర్ ఎదుటి గోడకుంది. మంచం తలవైపు, సరిగ్గా పైన, కప్పుకి జానెడు కింద జాలీ ఉంది. దాని వెనక, కింది వంటింటి నుంచి డాబా దాకా, అన్ని వంటిళ్ల గోడల్లోంచీ పోయే ఇటుకల గాలి షాఫ్ట్. ఇంట్లో గాలిని పైకి లాగేసుకోవడమే దాని పని. అది గాలి ఇవ్వకూడదు.

ఆమె స్టూలు లాక్కుని, అల్మరా మీది వత్తి చేతిలోకి తీసుకుంది.

"ఆర్పకు తల్లీ. అది వాడి దీపం."

"ఆర్పను పెద్దమ్మా."

స్టూలెక్కి వత్తిని జాలీ దగ్గరికి పట్టింది. మంట జాలీ వైపు వాలాలి. వాలలేదు. ఒక్క క్షణం నిలబడి, ఎవరో మెడ పట్టి వంచినట్టు గదిలోకి, ఆమె మొహం మీదికి వంగిపోయింది. మణికట్టుకి వెచ్చగా తగిలింది. నిద్రపోతున్న మనిషి ఊపిరిలా ఉంది.

"బెజాన్. నీకు తలనొప్పిగా ఉందా?"

అతని చెయ్యి అప్పటికే కణత మీద ఉంది. ఆ సంగతి అతనికి అప్పుడే తెలిసింది. అతని కళ్లు ముసలామె వాలిపోతున్న రెప్పల మీదికి వెళ్లి అక్కడే ఆగిపోయాయి. ఏడుపు వల్ల వచ్చిన తలపోటు కాదు అది.

ఇలింకా మెడలోని శాలువా లాగి జాలీలో కుక్కేసింది. బెజాన్ కిటికీ రెక్కలు రెండూ బార్లా తెరిచాడు. మంచుగాలి ఈడ్చి కొట్టింది. గోధుమలు నేల మీద చెల్లాచెదరయ్యాయి.

"కిటికీ మూసెయ్యండి నాయనా, ఎదురెదురు గాలి. చచ్చిపోతాను," అంది పరస్కీవా, శాలువా చెవుల మీదికి లాక్కుంటూ.

ఆమెని చెరో పక్కా పట్టి మెట్ల మీదికి నడిపించి, వీధి తలుపు తెరిపించి కూర్చోబెట్టారు. అంబులెన్సుకి ఫోన్ చేసింది ఇలింకా. తర్వాత ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా మొదటి అంతస్తు తలుపు దగ్గరికి నడిచారు.

తలుపు తీసిన మంతా చేతిలో కాఫీ కప్పు ఉంది. బెజాన్ అతన్ని పక్కకి జరిపి నేరుగా వంటింట్లోకి నడిచాడు. మంతా వంటింటి బాల్కనీకి నేల నుంచి కప్పు దాకా కొత్త అద్దాలు, మచ్చ లేకుండా మెరుస్తున్నాయి. దోబ్రే వంటింట్లో జాలీ ఉన్న చోట, ఇక్కడ నున్నటి తెల్లగోడ. ఇలింకా వేలితో తట్టింది. ప్లాస్టరు. పైన రంగు. అంచుల్లో ఇంకా తెలుపు వేరే తెలుపుగానే ఉంది.

"అందరూ గుడ్డ పెడితే మీరు సిమెంటు పెట్టారేం మంతా గారూ?"

"గాలి పడదు మేడమ్ నాకు."

బాయిలర్ మూత చుట్టూ నల్లటి మసి వలయం. చిన్న అద్దంలోంచి లోపలి మంట కనబడుతోంది. పసుప్పచ్చగా, నాలుకలు చాపుతూ ఊగుతోంది. దాని నెత్తి నుంచి బయల్దేరిన పొగగొట్టం బాల్కనీ వైపు పోలేదు. మోచెయ్యిలా మెలిక తిరిగి, షాఫ్ట్ ఉన్న గోడలోకి దూరింది.

బెజాన్ గ్యాస్ మర తిప్పేశాడు. మంట చచ్చిపోయింది.

"ఎప్పుడు తిప్పించావు దీన్ని?"

మంతా కాఫీ కప్పు జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు. "బాల్కనీకి అద్దాలు బిగించినప్పుడు. గొట్టం కోసం అద్దానికి కన్నం పెట్టాలన్నాడు పనివాడు. అంత అందమైన అద్దానికి ఎవరు పెట్టుకుంటారు కన్నం? షాఫ్ట్ ఊరికే పడుంది కదా అనుకున్నాను."

"పొగ పైనుంచి పోలేదేం?" అన్నాడు బెజాన్.

"వాన నీళ్లు దిగుతున్నాయని డాబా మీద షాఫ్ట్ నోటికి రేకు వేయించాం. అందరూ ఒప్పుకున్నదే."

"అంటే పైన మూత, కింద మీ పొగ. మధ్యలో జనం," అంది ఇలింకా. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ఆ పొగ ఎక్కడికి పోతుందనుకున్నారు?"

"ఎక్కడికీ పోదు. అదే కదా నేననేది." మంతాకి మొదటిసారి కోపం వచ్చింది. "జాలీ తెరిచి పెట్టుకున్న ఇల్లు ఈ మెట్ల మీద ఒక్కటి చూపించండి మేడమ్. పుట్టినప్పటినుంచీ చూస్తున్నాను. మనవాళ్లు తలుపు తీసి దొంగనైనా రానిస్తారు గానీ గాలిని రానివ్వరు. అన్ని ఇళ్లలోనూ గుడ్డలు బిగించే ఉన్నాయి. ఎవడో వచ్చి ఒక ముసలాయన ఇంట్లో పీకేస్తాడని నేను కలగన్నానా?"

ఈ భవనంలో తప్పు చేసినవాళ్లందరూ బతికున్నారు. నిపుణుడు చెప్పిన మంచిమాట విన్న ఒకే ఒక్క మనిషి చచ్చిపోయాడు. ఆ మంచిమాట చెప్పినవాడు ఇనపబల్ల ముందు కూర్చుని గోళ్లతో దాని అంచు గీరుతున్నాడు. అతను బయటికి వస్తాడు. కానీ ఆ స్వెటర్ చెయ్యి పీకకపోతే దోబ్రే ఇవాళ బతికి ఉండేవాడని అతనికి చెప్పేదెవరు?

"శవాన్ని కిందికి దించిన రోజే ఇది మీ పొగేనని మీకు తెలుసు," అంది ఇలింకా. "తెలిసీ నేలుని తీసుకెళ్తుంటే చూస్తూ నిలబడ్డారు."

మంతా కిటికీ వైపు చూశాడు.

"బెజాన్, కోర్టుకి ఫోన్ చెయ్యి. నాలుగు కాకముందే నేలుని..."

బెజాన్ చేతిలో ఫోన్ ఉంది. కానీ అతను చెయ్యడం లేదు. మొహం సున్నం కొట్టిన గోడలా పాలిపోయింది.

"ఏంటి?" అంది ఇలింకా.

"త్రిఫాన్ స్టేట్‌మెంట్ పొద్దున చదివాను," అన్నాడు మెల్లగా. "బాయిలర్ చెడగొట్టింది వాడే అనుకున్నాను గానీ, జాలీ మాట మాత్రం నిజమే అనిపించింది. ఇంకెవరైనా గాలాడక చచ్చిపోతే నా మెడకి చుట్టుకుంటుంది కదా. అందుకని కానిస్టేబుల్ సొరిన్‌ని పంపాను. పైన రెండు అంతస్తుల్లోనూ ఈ షాఫ్ట్ మీదున్న ఇళ్లకెళ్లి, జాలీల్లో గుడ్డలు పీకించమన్నాను. మాట వినకపోతే పోలీసు ఆర్డరని చెప్పమన్నాను."

"ఎప్పుడు?"

"పన్నెండింటికి."

"తిరిగొచ్చాడా?"

బెజాన్ అడ్డంగా తల ఊపాడు. ఇద్దరూ ఒకేసారి మంతా వైపు తిరిగారు.

"పోలీసువాళ్లతో నేను వాదించగలనా?" అన్నాడు మంతా. "పీకమంటే పీకారు. స్టూలు నేనే పట్టుకున్నాను."

"పట్టుకుని, కిందికొచ్చి, బాయిలర్ కట్టేశారా?"

"బయట మైనస్ పన్నెండు డిగ్రీలు మేడమ్."

అతను ఆ మాట చెప్పిన తీరులో క్షమాపణ కూడా లేదు. బెజాన్ అతని చొక్కా పట్టుకుని బాల్కనీలోకి తోసి, వంటింటి వైపునుంచి గడియ పెట్టాడు. అప్పటికి ఇలింకా మెట్లు ఎక్కేస్తోంది. ఇంకో రెండు అంబులెన్సులు కావాలని ఫోన్‌లో చెబుతూనే పరిగెడుతోంది.

మూడో అంతస్తులో తలుపు చాలాసేపటికి తెరుచుకుంది. నైటీలో ఒకావిడ, కళ్లు నులుముకుంటోంది. "ఏంటండీ, కునుకు పట్టింది..." మాట పూర్తికాకముందే ఇలింకా ఆమెని భుజం పట్టి బయటికి లాగింది. బెజాన్ లోపలికి దూసుకెళ్లాడు. కిటికీ అద్దం భళ్లున పగిలిన చప్పుడు, వెంటనే దగ్గు. "ఇక్కడ ఇంకెవరూ లేరు," అని అరుస్తూ బయటికొచ్చాడు.

నాలుగో అంతస్తు. లోపల టీవీ పెద్దగా మోగుతోంది. ఏదో పాటల కార్యక్రమం. గంట కొట్టారు. తలుపు బాదారు. టీవీలో జనం చప్పట్లు కొట్టారు. తలుపు తియ్యడానికి ఎవరూ రాలేదు.

"ఎవరుంటారు ఇక్కడ?"

"ముసలి దంపతులు. ఎవరొచ్చినా కాఫీ తాగించి గానీ పంపరు." బెజాన్ రెండడుగులు వెనక్కి వేసి భుజంతో గుద్దాడు. తలుపు కదల్లేదు. "సొరిన్ ఎక్కడ చచ్చాడు, వాడైతే ఒక్క తన్నుకి..."

ఫోన్ తీసి సొరిన్ నంబరు నొక్కాడు.

తలుపు అవతల, చాలా దగ్గర్లో, ఒక ఫోన్ మోగడం మొదలుపెట్టింది. బెజాన్ చెవి దగ్గరి ఫోన్‌ని మెల్లగా కిందికి దించాడు. లోపల అది మోగుతూనే ఉంది. ఎవరూ తియ్యలేదు.